హార్లన్ ట్రక్కుకి తగిన ట్రైలరు

హార్లన్ స్ట్రౌడ్‌కి తన ట్రక్కు మీద ఎంత ప్రేమంటే, వాన పడే రోజున దాన్ని షెడ్డులో పెట్టి, తను తడుస్తూ ఇంటికి నడిచేవాడు. ఎనిమిదేళ్ళ కిందట కొన్నాడు. చెర్రీపండు ఎరుపు, నాలుగు తలుపులు, తోలు సీట్లు. వెనక తొట్టి మాత్రం పొట్టిది. గుర్రాన్ని పెంచేవాళ్ళం పొట్టి తొట్టి బండి కొనడమేమిటని అతని భార్య డెల్ఫియా అప్పుడే అడిగింది. "ముందు దీని ఇంజను చూడు. కొండనైనా లాగుతుంది," అన్నాడు. పడమటి ఓక్లహోమాలో లాగడానికి కొండలెక్కడున్నాయని ఆవిడ అడగలేదు. పెళ్ళయి ముప్ఫై ఎనిమిదేళ్ళయిన మనిషి నోటికొచ్చిన ప్రతి ప్రశ్నా అడగదు.

ఆ జూన్‌లో, శనివారంనాడు, ఎనభై మైళ్ళ అవతల వుడ్‌బర్న్‌లో పీపాల పందెం ఉంది. మైదానంలో మూడు పీపాలు పెడతారు. గుర్రం మీద ఒక్కోదాన్నీ చుట్టి, ఏదీ పడెయ్యకుండా తిరిగి గేటు దాటాలి. డెల్ఫియాకి అరవై ఒకటి. తుంటి కీలు మార్పించుకుని పదకొండు నెలలైంది. ఆ పదకొండు నెలలూ రోజూ సాయంత్రం కర్ర పట్టుకుని కంచెదాకా నడిచి, టర్నిప్ అనే తన ఆడగుర్రానికి ఏవో కబుర్లు చెప్పి వచ్చేది. ఇక గుర్రమెక్కొచ్చని డాక్టరు అన్న రోజున ఇల్లు చేరేదాకా కూడా ఆగలేదు. దారిలోంచే ఫోను చేసి పందేనికి పేరిచ్చేసింది.

ఆమెని ఆ పందేనికి తనే తీసుకెళ్ళాలని హార్లన్ కోరిక. తనే, తన ట్రక్కులో. ఆపరేషను జరుగుతున్నంతసేపూ ఆసుపత్రి వరండాలో చల్లారిన కాఫీ పట్టుకుని కూర్చోవడం తప్ప అతనేమీ చెయ్యలేకపోయాడు. ఈసారైనా ఆమె కోసం తన చేతుల్తో చేసే పని ఒకటుండాలని పట్టుబట్టి ఉన్నాడు.

మంగళవారం పొద్దున, గుర్రాన్ని తీసుకెళ్ళే పాత ట్రైలరు కడుగుదామని ఎక్కాడు. అడుగు చెక్క పుచ్చిపోయి ఉందేమో, కాలు మోకాలిదాకా దిగబడింది. కేకలు విని డెల్ఫియా వచ్చింది.

"కాలు విరిగిందా?"

"లేదు."

"అమ్మయ్య. అదే టర్నిప్ కాలయ్యుంటే?" అని, అతను కాలు బయటికి లాక్కునేలోపు మనసులో ఉన్నది చెప్పేసింది. "ఎటూ కొత్తది కొనాలి కాబట్టి చెప్తున్నా. ఈ తోకకి తగిలించే రకం ఇక వద్దు. గాలి కొడితే చాలు, అటూ ఇటూ ఊగి చంపుతుంది. బాతుమెడది కొందాం. మెడ ఎత్తుకుని వచ్చి మన తొట్టి మధ్యలో కూర్చుంటుంది, కదలదు మెదలదు. ఆ మెడ లోపల పరుపు కూడా వేసుకోవచ్చు. పరుగుకి ముందు నా తుంటి కాస్త చాపుకోవద్దూ?"

హార్లన్ ఈ సంగతి కూడలి కెఫేలో చెప్పడం పొరపాటే. అక్కడ కోయ్ టాకెట్ ఉన్నాడు. పక్క పొలం ఆసామి. అతని ట్రక్కుకి వెనకే నాలుగు చక్రాలు. వుడ్‌బర్న్ మైదానంలో పరుగుకీ పరుగుకీ మధ్య ట్రాక్టరుతో మట్టి చదును చేసే పని ఏటా అతనిదే, కాబట్టి శనివారం ఎలాగూ వెళ్తున్నాడు.

"నీకెందుకయ్యా శ్రమ!" అన్నాడు కోయ్. "డెల్ఫియానీ గుర్రాన్నీ నా బండిలో నేను దింపేస్తా. నువ్వు నీ బొమ్మ కారేసుకుని వెనకాల మెల్లిగా రా. పార్కింగు ఎక్కడైనా దొరుకుతుంది నీకు."

అందరూ నవ్వారు. హార్లన్ చెవులు ట్రక్కు రంగులోకి తిరిగాయి.

"అక్కర్లేదు. రేపు బాతుమెడ ట్రైలరు కొంటున్నా," అన్నాడు.

ఆ చుట్టుపక్కల ట్రైలరు కావాలంటే ఓపల్ ప్రూయిట్ దగ్గరికే వెళ్ళాలి. డెబ్భై ఆరేళ్ళ మనిషి. మొగుడు పోయాక నలభై ఏళ్ళుగా ఆ వ్యాపారం ఒంటిచేత్తో నడుపుతోంది. ఆవిడ అమ్మిన ట్రైలర్లకంటే అమ్మనని తిప్పి పంపిన మనుషులే ఎక్కువంటారు. నడుముకి ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది.

బుధవారం డెల్ఫియాతో కలిసి వెళ్ళిన హార్లన్ చుట్టూ చూడనైనా చూడకుండా, మూడు గుర్రాలు పట్టే అతి పెద్ద ట్రైలరు ముందుకెళ్ళి నిలబడ్డాడు. దాంట్లో పొయ్యి ఉంది, స్నానాల గది ఉంది, సోఫా ఉంది.

"ఇది బావుందండీ ఓపల్ గారూ."

"బావుంది బాబూ. దీన్ని నీ బండికి తగిలిస్తే, ఏది దేన్ని తీసుకుపోతోందో రోడ్డు మీద ఎవరికీ అర్థం కాదు."

"కొండనైనా లాగుతుందండీ ఇది!"

"లాగడం సంగతి నేనడిగానా? ఆగడం సంగతి చెప్పు. మొయ్యడం సంగతి చెప్పు. బాతుమెడది నీ వీపెక్కి కూర్చుంటుంది నాయనా. నడుముందా నీ బండికి?"

అరవై మూడేళ్ళ హార్లన్‌ని బాబూ, నాయనా అనగలిగింది ఆ జిల్లా మొత్తానికి ఆవిడొక్కతే. ట్రక్కు డ్రైవరు తలుపు తెరిచి, పక్క కమ్మీ మీద వెతికింది. బండి ఎంత బరువుదాకా మోయొచ్చో కంపెనీవాళ్ళు అక్కడే రాసి పెడతారు. అక్కడ చేపల క్లబ్బువాళ్ళ చేప బొమ్మ అంటించి ఉంది. ఓపల్ గోటితో దాన్ని గీకేసింది. కింద అంకె బయటపడింది.

"ఏడువేల పౌండ్లు. బండీ, మనుషులూ, సామానూ, పైన కూర్చునే ట్రైలరు మెడా, అన్నీ కలిపి. ఎనిమిదేళ్ళు చేప కింద దాచిపెట్టావు."

"దాచలేదండీ. ఖాళీగా ఉందని అంటించా."

తర్వాత టేపు తీసి, తొట్టిలో ట్రైలరు మెడ తగిలించే ఇనప బంతి బిగించాల్సిన చోటు నుంచి వెనకద్దందాకా కొలిచింది. పెదవి విరిచింది.

"పొట్టి. పెద్ద ముక్కు ట్రైలరు కట్టుకుని మలుపు తిప్పావంటే, అది అద్దం పగలగొట్టుకుని లోపలికొచ్చి నీ భుజం మీద తలపెడుతుంది. మీకు సరిపోయేది ఇక్కడ ఒక్కటే ఉంది, రండి."

అది ఓ మూలగా నిలబడి ఉంది. రెండు గుర్రాలు పట్టేది. అల్యూమినియంది, ముక్కు రెండు పక్కలా ఏటవాలుగా చెక్కేసినట్టుంటుంది. హార్లన్‌కి అది చూస్తే జాలేసింది. డెల్ఫియా మాత్రం మెట్టెక్కి మెడలోకి దూరి, కాళ్ళు బారజాపుకుని పడుకుంది. తర్వాత లోపలినుంచి, "హార్లన్, నాకిదే కావాలి," అని వినిపించింది. ఆ గొంతు విన్నాక సోఫా సంగతి అతను మరి ఎత్తలేదు.

"ఇంకా ఇవ్వలేదు," అంది ఓపల్. "ధాన్యం గోదాం కాటా ఎక్కి రండి. శనివారం బండిలో ఏముంటాయో అన్నీ, ఎవరుంటారో అందరూ. ఎవరి బరువు ఎంతో విడివిడిగా కావాలి నాకు. మనిషి మాట నమ్మను నేను."

గోధుమ కోతల రోజులు. గోదాం ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. అక్కడి కాటాకి పెద్ద బోర్డుంది. మూరెడేసి ఎర్ర అంకెలు, లారీలో కూర్చున్నవాళ్ళకి దూరంనుంచే కనపడాలని పెట్టారు. రోడ్డవతల కెఫే కిటికీలోంచి ఇంకా బాగా కనపడతాయి. హార్లన్ ఈ సంగతి ట్రక్కు కాటా ఎక్కాకగానీ గుర్తించలేదు.

బోర్డు మీద 6,340 పడింది. డెల్ఫియా దిగింది. 6,200 అయింది. హార్లన్ దిగాడు. 5,920.

హార్లన్ తన బరువు రెండువందల పది అని పెళ్ళినాటినుంచీ చెప్తున్నాడు. లారీల బారులోంచి ఎవరో హారను కొట్టారు. కెఫే గుమ్మంలోంచి కోయ్ గొంతు వచ్చింది.

"హార్లన్! రెండువందల పది నీదే, ఒప్పుకున్నాం. మిగతా డెబ్భై ఎవరిదయ్యా?"

"బూట్లున్నాయి!" అని అరిచాడు హార్లన్.

"బూట్లలో ఇంకెవరున్నారు?"

లారీవాళ్ళు స్టీరింగుల మీద పడి నవ్వుతున్నారు. డెల్ఫియా నవ్వకూడదని గట్టిగా అనుకుని, కాటా గుమాస్తా ఇచ్చిన చీటీ చదువుతున్నట్టు మొహానికి అడ్డం పెట్టుకుంది. చీటీ వణికింది.

ఓపల్ ఆ చీటీ వెనకే లెక్కేసింది. గుర్రంతో సహా ట్రైలరు మెడ, కింద బంతీ కలిపి పదమూడువందల ఇరవై. అంటే మొత్తం ఏడువేల ఆరువందల అరవై.

"ఆరువందల అరవై ఎక్కువ. ట్రైలరు మీ పేర ఆపి ఉంచుతా. శుక్రవారం గుర్రాన్నెక్కించి, ఇద్దరూ కూర్చుని, మళ్ళీ కాటా ఎక్కండి. అంకె దాటిందో, ట్రైలరు నాది, దారి మీది."

గురువారమంతా హార్లన్ ట్రక్కు ఖాళీ చేశాడు. సీటు వెనకనుంచీ తొట్టిలోని పెట్టెనుంచీ వచ్చిన సామాను చూస్తే ఇంకో కాపురం పెట్టొచ్చు. ముళ్ళకంచె చుట్టలు, దుంగలు లాగే గొలుసులు, ఎప్పుడో తడిసి రాయైపోయిన సిమెంటు బస్తాలు రెండు, ఓ కమ్మరి దాగలి. దాగలి ఎందుకని అడిగితే, ఎప్పుడైనా కావాల్సొస్తుందని అన్నాడు. అన్నిటికీ అడుగున మూతతో సహా ఓ ఇనప వంటగిన్నె దొరికింది. డెల్ఫియా దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది.

"చర్చి భోజనాలప్పుడు పోయిన గిన్నె ఇది. నీ చెల్లెలు వాండా తీసుకుందని మూడేళ్ళనుంచి దానితో మాట్లాడ్డం లేదు నేను!"

"నీకెటూ వాండా అంటే పడదుగా."

"అది వేరే సంగతి."

అంతా కలిపి ఐదువందల అరవై పౌండ్లు తేలింది. ఇంకా వంద మిగిలింది. ఆ పూటనుంచి హార్లన్ తిండి మానేశాడు. ఉడికిన గుడ్డు, దోసకాయ ముక్కలు, నీళ్ళు. కెఫేలో నేరేడుపండు రంగు పళ్ళతో చేసిన మిఠాయి ముక్క ముందు పెడితే మొహం పక్కకి తిప్పుకున్నాడు. శుక్రవారానికి ఓ మూడు పౌండ్లు తగ్గుంటాడు. ఆ కాటా ఇరవైకి తక్కువైతే కదలనే కదలదు.

శుక్రవారం ఓపల్ స్థలంలో ట్రక్కుని ట్రైలరు కిందికి వెనక్కి తోలాలి. చూడ్డానికి కెఫే జనం సగం మంది వచ్చి కంచెకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళ ముందు బంతి ఒక్క ప్రయత్నంలోనే సరిగ్గా మెడ కిందికి రావాలని హార్లన్ పట్టుదల. అద్దంలో బంతినే చూస్తూ వెనక్కి వస్తున్నాడు.

"తలుపు! హార్లన్, తలుపు!" అని అరిచింది డెల్ఫియా.

తన పక్క తలుపు తెరుచుకుందేమోనని చూసుకున్నాడు. మూసే ఉంది. ఇంకాస్త వెనక్కి వచ్చాడు. దించకుండా మర్చిపోయిన తొట్టి వెనక తలుపుని బాతుమెడ మధ్యకి మడిచేసింది. ఆ చప్పుడుకి పొద్దున్నే నడిపించుకొచ్చి ట్రైలరులో ఎక్కించిన టర్నిప్ ఒక్కసారి సకిలించి ఊరుకుంది. గుర్రాలున్న ప్రతి మగాడూ ఆ తప్పు జన్మకోసారి చేస్తాడు. కంచె దగ్గరున్నవాళ్ళలో ముగ్గురు టోపీలు తీసి, సావుకొచ్చినవాళ్ళలా తలలొంచుకుని నిలబడ్డారు. నాలుగోవాడు ఫొటో తీశాడు.

హార్లన్ స్టీరింగు మీద తలానించి అలాగే కూర్చున్నాడు. డెల్ఫియా కిటికీలోంచి చెయ్యి పెట్టి అతని మెడ నిమిరింది. ఓపల్ స్పానరు తెచ్చి, నలిగిన తలుపు ఊడదీసి పక్కన పారేసింది.

"నలభై పౌండ్లు తగ్గాయి. ఏడవకు," అంది.

గోదాం దగ్గరికి ఓపల్ కూడా వెంట వచ్చింది. ట్రైలరు చక్రాలు కాటా బయట ఉంచి, ట్రక్కుని దాని మీద నిలబెట్టారు. బోర్డు మీద 7,060 పడింది.

హార్లన్ బూట్లు విప్పి కిటికీలోంచి విసిరేశాడు. బెల్టు విప్పాడు, టోపీ తీశాడు, జేబుల్లోని మేకులు పారబోశాడు. ఊపిరంతా బయటికి వదిలాడు. అంకె కదల్లేదు. డెల్ఫియా దిగి చూసింది. 6,920. ఆమె ఎక్కి, అతను దిగాడు. 6,780.

"ఇద్దర్లో ఎవరో ఒకరు," అంది ఓపల్. "బండికి తగ్గ ట్రైలరు దొరికింది. దానికి తగ్గ మొగుడూ పెళ్ళాలే దొరకలేదు."

కోయ్ రోడ్డు దాటి వచ్చాడు. ఈసారి వెక్కిరించలేదు. అదే హార్లన్‌కి ఇంకా కష్టంగా తోచింది.

"దీనికింత ఆలోచనెందుకు? గుర్రాన్ని నువ్వు తోలుకురా. డెల్ఫియా నాతో వస్తుంది. ముందు సీటు, చల్లని ఏసీ. రా అమ్మా డెల్ఫియా, రేపు ఏడింటికల్లా మీ గుమ్మంలో ఉంటా."

డెల్ఫియా ట్రైలరు కిటికీ దగ్గర నిలబడి ఉంది. లోపలినుంచి టర్నిప్ మూతి బయటపెట్టి ఆమె చొక్కా కాలరు నములుతోంది. "సరే, ఎలాగో ఒకలా వెళ్తే చాల్లే," అంది చివరికి, గుర్రంతోనే చెప్తున్నట్టు.

హార్లన్ ఒట్టి మేజోళ్ళతో కాటా ఇనప పలక మీద నిలబడ్డాడు. జూన్ ఎండకి అది పెనంలా కాలుతోంది. కోయ్ చెప్పినట్టు చేస్తే ట్రక్కు తనదే, తోలేదీ తనే, దారి పొడుగునా అందరూ చూసేదీ తననే. కానీ డెల్ఫియా ఎవరి బండిలోనో కూర్చుని, ఎనభై మైళ్ళూ మెడ తిప్పి వెనక్కి చూసుకుంటూ రావాలి. పదకొండు నెలలు కర్రతో కంచెదాకా నడిచిన మనిషి. ఈ మూడు రోజులూ బండిలోంచి ఏమేం తీసెయ్యాలా అని గుర్రపు నాడాలతో సహా లెక్కపెట్టాడు. తనే ఎక్కువైన బరువని తోచనేలేదు.

ఆ ట్రక్కు తాళాలు ఎనిమిదేళ్ళలో అతను ఇంకొకరి చేతికివ్వలేదు. నూనె మార్చేచోట కూడా తనే లోపలికి తోలి, తనే బయటికి తెచ్చుకునేవాడు. అవి తీసి డెల్ఫియా చేతిలో పెట్టాడు.

"నువ్వు తోలు."

"నేనా? దీన్నా?"

"మలుపుల దగ్గర బాగా వెడల్పుగా తిప్పు. బ్రేకు ముందునుంచే తొక్కుతూ రా. అద్దాలు..." ఇంకా ఏదో చెప్పబోయి ఆపేశాడు. "నీకు తెలుసులే."

"మరి నువ్వు?"

హార్లన్ కోయ్ వైపు తిరిగాడు. ఆ మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. లారీలు కూడా హారను కొట్టకుండా ఆగాయి.

"కోయ్. నీ బండిలో నాక్కాస్త చోటుందా?"

ఇరవై ఏళ్ళుగా ఇలాంటి రోజు కోసమే ఎదురుచూసినవాడు కోయ్. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఉంది," అన్నాడు. "బూట్లు మాత్రం వేసుకుని రా. తోలు సీట్లు."

శనివారం ఎనభై మైళ్ళూ హార్లన్‌కి కనపడింది ట్రైలరు వెనక కిటికీలో టర్నిప్ తోక ఒక్కటే. దక్షిణపు గాలి గోధుమ చేలని నేలకి వంచేస్తోంది. ట్రైలరు మాత్రం చెక్కుచెదరలేదు. డెల్ఫియా బ్రేకు వేసినప్పుడల్లా ఇక్కడ కోయ్ బండిలో హార్లన్ కాలు నేలని తొక్కుతోంది.

"అక్కడ బ్రేకు లేదు," అన్నాడు కోయ్.

"తెలుసు."

"అయితే నా బండికి చిల్లు పెట్టకు."

వుడ్‌బర్న్ పెట్రోలు బంకు దగ్గర ఇరుకు మలుపుంది. హార్లన్ కళ్ళు మూసుకున్నాడు. అద్దం పగిలిన చప్పుడు కోసం ఎదురుచూశాడు.

"తెరువయ్యా," అన్నాడు కోయ్. "తిరిగేసింది. నీకంటే బాగా తోలుతోంది, చెప్తే ఏడుస్తావని ఊరుకున్నా."

మధ్యాహ్నందాకా డెల్ఫియా మెడలోని పరుపు మీద తుంటి చాపుకుని పడుకుంది. రెండింటికి ఆమె పేరు పిలిచారు. మొదటి పీపా నున్నగా చుట్టింది. రెండోదాని దగ్గర టర్నిప్ కాస్త దూరంగా పోయింది. మూడోదానికి డెల్ఫియా మోకాలు తగిలి పీపా ఒరిగింది. ఊగింది. కోయ్ ట్రాక్టరు మీద లేచి నిలబడ్డాడు. గేటు దగ్గర హార్లన్, టర్నిప్ కోసం తెచ్చిన నీళ్ళ బకెట్టుని ఎవరో లాక్కుంటున్నట్టు గుండెకి హత్తుకున్నాడు. పీపా ఊగి ఊగి మళ్ళీ నిలబడింది. డెల్ఫియా టోపీ ఎక్కడో ఎగిరిపోయింది. నెరిసిన జుట్టు గాల్లో ఎగురుతుండగా, పందొమ్మిదేళ్ళ పిల్లలా అరుస్తూ గేటు దాటింది.

పదకొండు మందిలో ఏడోది. ఆ మొహం చూసినవాళ్ళెవరూ ఆమె గెలవలేదని అనుకోరు.

గేటు దగ్గర పేర్లు రాసుకునే ఆవిడకి డెల్ఫియా ఎన్నో ఏళ్ళుగా తెలుసు. "మళ్ళీ వచ్చావే తల్లీ! ఇందాక చూస్తే నువ్వే తోలుకొస్తున్నావు. ఏం, మీ ఆయన తీసుకురాలేదా?" అంది.

హార్లన్ నాలుగడుగుల దూరంలో బకెట్టుతో నిలబడి ఉన్నాడు. ఆ మాట వినగానే నేల చూపులు చూశాడు.

"ఆయనే తీసుకొచ్చాడు," అంది డెల్ఫియా, గుర్రం మీదనుంచే, ఆయాసపడుతూ. "బండి మోయలేనంటే తను దిగిపోయి, నన్ను తీసుకొచ్చాడు."

హార్లన్ గబగబా టర్నిప్ ముందుకెళ్ళి, బకెట్టు పైకెత్తి, దాని మీదికి తల వంచేశాడు. టర్నిప్ నీళ్ళు తాగి, తల తిప్పుకుని, గడ్డి వెతుక్కుంటూ పక్కకి జరిగింది. అతను చాలాసేపు ఖాళీ బకెట్టుని అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నాడు.